అదనూ, ఒడుపూ, ఒక్క మీటా

తెలుగులో అదను అనీ, ఒడుపు అనీ రెండు చక్కని మాటలున్నాయి. ఇవి పండితుల గ్రంథాలలోంచి దిగివచ్చినవి కావు. పొలం గట్టు మీదా, పని పాటుల మధ్యా పుట్టినవి. విత్తనం వేయడానికి అదను చూడాలి. తాటిచెట్టు ఎక్కడానికి ఒడుపు తెలియాలి. అదను కాలానికి చెందినది, ఒడుపు చేతికి చెందినది. రెండూ ఒక్క క్షణంలో కలిసినప్పుడు దానిని నేర్పు అంటాము.

ఈ రెండింటిని తప్ప మనిషి నుంచి మరి దేనినీ కోరని యంత్రాలు కొన్ని ఉన్నాయి. పెద్ద నగరాల అంగడి సముదాయాలలో పిల్లల ఆటల మూలకు వెళ్ళినవారు వాటిని చూసే ఉంటారు. వాటికి చుక్కాని లేదు, తుపాకీ లేదు, అటూ ఇటూ తిప్పే పిడి లేదు. ఉన్నది ఒకే ఒక మీట. నాణెం వేస్తే ఒక వెలుగు కదలడం మొదలుపెడుతుంది. అది సరియైన చోటికి వచ్చిన క్షణాన మీట నొక్కాలి. ఆటంతా అంతే.

వీటిలో బాగా పేరుపొందినది ‘స్టాకర్’. ఆస్ట్రేలియాకు చెందిన ఎల్.ఏ.ఐ. గేమ్స్ సంస్థ 2004లో దీనిని విడుదల చేసింది. నిలువుగా గళ్ళు గీసిన పలక మీద అడుగు వరుసలో కొన్ని వెలుగు గళ్ళు ఎడమకూ కుడికీ పరుగెడుతూ ఉంటాయి. మీట నొక్కితే అవి ఆగుతాయి. ఆ పై వరుసలో మళ్ళీ పరుగు మొదలవుతుంది. రెండోసారి నొక్కినప్పుడు కింది గళ్ళ మీద సరిగ్గా నిలిచినవే మిగులుతాయి; పక్కకు తప్పినవి రాలిపోతాయి. పైకి పోయేకొద్దీ వేగం పెరుగుతుంది, గళ్ళు తగ్గుతాయి, చివరికి ఒక్కటే మిగులుతుంది. పై వరుసకు కొంచెం కిందుగా చిన్న బహుమతి. దానిని తీసుకొని వెళ్ళిపోవచ్చు, లేదా వదులుకొని చిట్టచివరి వరుసలోని పెద్ద బహుమతి కోసం ఆడవచ్చు. అద్దం వెనుక ఖరీదైన వస్తువులు మెరుస్తూ కనబడుతుంటాయి.

ఐదేళ్ళ పిల్లవాడికైనా అర నిమిషంలో అర్థమయ్యే ఆట ఇది. కానీ ఇది లేవనెత్తే ప్రశ్న అంత చిన్నది కాదు. చివరి గడి తప్పిపోయినప్పుడు ఓడినది చేతి ఒడుపా? అదృష్టమా? లేక మూడో వారెవరైనా ఉన్నారా? మేయర్లూ, న్యాయమూర్తులూ, శాసనసభలూ దాదాపు తొమ్మిది దశాబ్దాలుగా ఈ ప్రశ్నతో కుస్తీ పడుతూనే ఉన్నారు. ఆ కథ చెప్పడమే ఈ టపా ఉద్దేశం.

అయితే దీని మొదలు ఆటల్లో లేదు, ఆకాశంలో ఉంది.

పద్దెనిమిదో శతాబ్దంలో ఇంగ్లండులోని గ్రీనిచ్ వేధశాలలో నక్షత్రాల గమనాన్ని కొలిచే పద్ధతి విచిత్రంగా ఉండేది. దుర్భిణిలో సన్నని తీగలు నిలువుగా కట్టి ఉంచేవారు. పరిశీలకుడు కంటితో నక్షత్రాన్ని చూస్తూ, చెవితో గడియారం టిక్కులు లెక్కపెడుతూ, అది తీగను దాటిన క్షణాన్ని సెకనులో పదో వంతు దాకా అంచనా వేయాలి. అక్కడి ప్రధాన ఖగోళవేత్త నెవిల్ మాస్కెలీన్. ఆయన సహాయకుడు డేవిడ్ కిన్నెబ్రూక్. కిన్నెబ్రూక్ నమోదు చేసే వేళలు మాస్కెలీన్ వేళల కంటె వెనుకబడుతూ వచ్చాయి. ఆ తేడా 0.8 సెకనుకు చేరింది. భూమధ్యరేఖ దగ్గర భూమి సెకనుకు సుమారు 465 మీటర్ల వేగంతో తిరుగుతుంది కనుక 0.8 సెకను పొరపాటు అంటే నేల మీద 370 మీటర్ల పైచిలుకు పొరపాటు. 1796లో కిన్నెబ్రూక్ కొలువు పోయింది.

పాతికేళ్ళు గడిచాక జర్మను ఖగోళవేత్త బెస్సెల్ ఈ వృత్తాంతం చదివి, తప్పు కిన్నెబ్రూక్ అశ్రద్ధది కాకపోవచ్చునని అనుమానించాడు. తానూ, మరికొందరు అనుభవజ్ఞులూ ఒకే నక్షత్రాన్ని చూసి నమోదు చేసిన వేళలను పోల్చిచూశాడు. ఏ ఇద్దరి లెక్కా కలవలేదు. కన్ను చూసినదానికీ, మనస్సు గ్రహించినదానికీ మధ్య ప్రతి మనిషిలోనూ తనదంటూ ఒక ఎడం ఉంటుందని తేలింది. పందొమ్మిదో శతాబ్దం మధ్యలో విద్యుత్తు మీట వచ్చింది. నక్షత్రం తీగను దాటగానే మీట నొక్కితే, తిరిగే కాగితం మీద గుర్తు పడేది. తేడాలు తగ్గాయి కానీ పోలేదు. కదిలే వెలుగును చూసి సరియైన క్షణాన ఒక్క మీట నొక్కడం అనే పనిని మొదట చేసినవారు ఆటగాళ్ళు కారు, ఖగోళవేత్తలు.

కంటికి కనబడిన వెలుగుకు చేయి స్పందించడానికి మామూలు మనిషికి సెకనులో ఐదో వంతో, నాలుగో వంతో పడుతుంది. కనుక వెలుగు గమ్యానికి వచ్చాక నొక్కేవాడు ఎప్పుడూ ఆలస్యంగానే నొక్కుతాడు. గెలిచేవాడు చూసి నొక్కడు, రాబోతున్నదని తెలిసి నొక్కుతాడు. క్రికెట్టులో బంతిని కొట్టేవాడూ, తాళం వేసే వాద్యగాడూ చేసేది ఇదే. ఇది సాధనతో పెరిగే విద్య. అదనెరగడమంటే రాబోయే క్షణాన్ని ముందుగా పసిగట్టడమే. ఒక్క మీట ఆటలో నేర్పు లేదనేవారికి ఇది సమాధానం.

ఇక డబ్బు ఈ కథలోకి ఎలా వచ్చిందో చూద్దాం.

1931లో, అమెరికాలో ఆర్థికమాంద్యం నడుస్తున్న రోజుల్లో, గాట్లీబ్ సంస్థ ‘బాఫిల్ బాల్’ అనే బల్లఆటను అమ్మకానికి పెట్టింది. ఒక పెన్నీ వేస్తే కొన్ని గోళీలు వచ్చేవి. స్ప్రింగు కడ్డీని లాగి వదిలితే గోళీ పైకి దూసుకుపోయి, మేకుల మధ్య నుంచి దొర్లుతూ ఏదో ఒక గుంటలో పడేది. ఆటగాడి చేతిలో ఉన్నది ఆ లాగి వదలడం ఒక్కటే. తక్కిన ప్రయాణమంతా గోళీకీ మేకులకీ మధ్య వ్యవహారం. వీటిని పిన్‌బాల్ అన్నారు. కొన్ని యంత్రాలు గెలిచినవారికి నాణేలు కూడా ఇచ్చేవి. జూదమన్న ఆరోపణ రావడానికి ఎంతో కాలం పట్టలేదు.

న్యూయార్కు మేయరు లా గార్డియా వీటిమీద యుద్ధమే ప్రకటించాడు. బడిపిల్లలకు మధ్యాహ్నం తిండి కోసం ఇచ్చిన చిల్లరను ఈ యంత్రాలు దోచుకుంటున్నాయన్నది ఆయన వాదన. 1942 జనవరిలో నగరంలో పిన్‌బాల్ నిషిద్ధమయింది. పోలీసులు అంగళ్ళ మీద దాడులు చేసి యంత్రాలను పట్టుకొచ్చారు. మేయరు స్వయంగా సుత్తి పట్టి వాటిని బద్దలుకొడుతున్న ఛాయాచిత్రాలు పత్రికలలో వచ్చాయి.

ఆ తర్వాత ఐదేళ్ళకు ఆట స్వరూపమే మారింది. 1947లో గాట్లీబ్ సంస్థ ‘హంప్టీ డంప్టీ’ అనే యంత్రంలో, హారీ మాబ్స్ రూపకల్పనలో, మీట నొక్కితే కదిలే రెక్కలను అమర్చింది. కిందికి జారే గోళీని అదను చూసి మీట నొక్కి మళ్ళీ పైకి కొట్టవచ్చు. ఇప్పుడు ఆటగాడి చేతిలో నిజంగానే ఆట ఉంది. అయినా న్యూయార్కు చట్టం మరో మూడు దశాబ్దాలు కదలలేదు. యంత్రం మారినంత వేగంగా చట్టం మారదు కదా.

నిషేధం తొలగిన తీరు కథలకు తగ్గట్టే ఉంటుంది. 1976లో నగరసభ సంఘం ముందు రోజర్ షార్ప్ అనే యువ రచయిత పిన్‌బాల్ ఆడి చూపించాడు. రెండు యంత్రాలు తెచ్చారు, ఒకటి ఆడడానికి, మరొకటి అది చెడిపోతే పనికొస్తుందని. మొదటిదానిలో ఏదో మాయ చేసి ఉంటారని అనుమానపడ్డ సభ్యుడొకడు రెండోదాని మీద ఆడమన్నాడు. షార్ప్ కాసేపు ఆడాక, ఇప్పుడు కడ్డీ లాగి వదిలితే గోళీ నడిమి దారిలోంచే పోతుందని ముందుగా చెప్పి, లాగి వదిలాడు. గోళీ నడిమి దారిలోంచే పోయింది. ఆ ఏడే నిషేధం ఎత్తివేశారు.

ఈ వృత్తాంతంలో అందరూ షార్ప్ నేర్పును మెచ్చుకుంటారు. నాకు మాత్రం ఆ అనుమానపు సభ్యుడి మీదే గౌరవం కలుగుతుంది. ఆటగాడికి నేర్పుందా అని అడిగే ముందు, ఈ యంత్రం మాట మీద నిలబడేదేనా అని అడిగినవాడు ఆయనే. తరువాతి కథకంతటికీ తాళంచెవి ఆ ప్రశ్నలోనే ఉంది.

పిన్‌బాల్ వ్యాజ్యం నడుస్తుండగానే బొమ్మతెర ఆటలు వచ్చాయి. 1975లో అటారీ వారి ‘స్టీపుల్‌ఛేజ్’లో ఆరుగురు ఒకేసారి ఆడవచ్చు, ఒక్కొక్కరికి ఒక్కొక్క గుర్రం, ఒక్కొక్క మీట. అడ్డంకి రాగానే మీట నొక్కి గుర్రాన్ని దూకించాలి. 1977 నాటి ‘కాన్యన్ బాంబర్’లో విమానం తనంతట తానే పోతుంది, బాంబు వదిలే అదను చూసుకోవడమే ఆటగాడి పని. ఇవి బహుమతులిచ్చేవి కావు. గెలిస్తే దక్కేది గెలుపే. కనుక వీటికి మోసం చేయవలసిన అవసరమే లేదు. వియత్నాం యువకుడు డాంగ్ న్యుయెన్ 2013లో విడుదల చేసిన ‘ఫ్లాపీ బర్డ్’ కూడా ఈ వంశానిదే. తెరను తాకితే పిట్ట ఒక్కసారి రెక్క కొడుతుంది, అంతకు మించి ఏమీ లేదు. 2014 ఫిబ్రవరిలో ఆయనే దానిని ఉపసంహరించుకొనేనాటికి లోకమంతా దానితో తల బాదుకుంటున్నది. అది ఎంత కఠినమైనదైనా ఓడినవాడు ఆటను తిట్టి, తనను తాను తిట్టుకొని, మళ్ళీ ఆడాడు. గొట్టం ఎక్కడున్నదో కళ్ళ ముందే ఉన్నది. పిట్ట పడిపోయినది తన వేలి వలననే.

బహుమతి వచ్చి చేరినప్పుడే చిక్కంతా. ఆ చిక్కును అందరికంటె నిక్కచ్చిగా పట్టించుకున్నది జపాను. అక్కడి ‘పచిస్లో’ యంత్రంలో మూడు బొమ్మల చక్రాలు తిరుగుతుంటాయి, ఒక్కొక్క చక్రానికి ఒక ఆపుడు మీట ఉంటుంది. కంటితో బొమ్మను పట్టి మీట నొక్కే విద్యకు వారి భాషలో ‘మెఓషి’ అని ప్రత్యేకమైన పేరే ఉంది. అయితే ఆ యంత్రం లోపల మరో సంగతి జరుగుతుంది. ఆటగాడు పిడిని కదిలించగానే, చక్రాలు ఆగకముందే, ఈ ఆటలో గెలుపు ఉందో లేదో యంత్రం లాటరీ తీసేస్తుంది. గెలుపు లేదని తేలితే, ఆటగాడు సరిగ్గా నొక్కినా చక్రం కొంచెం జారి ఆగుతుంది. గెలుపు ఉందని తేలినా, నొక్కే నేర్పు లేనివాడికి బొమ్మలు కలవకపోవచ్చు.

ఆ జారుడుకు అక్కడి నిబంధనలు హద్దు గీశాయి. చక్రం నిమిషానికి 80 చుట్లకు మించి తిరగరాదు. మీట నొక్కిన 190 మిల్లీసెకన్లలోపల అది ఆగి తీరాలి. 21 బొమ్మల చక్రం ఆ వేగంతో ముప్పావు సెకనుకు ఒక చుట్టు తిరుగుతుంది. ఒక్కో బొమ్మ కంటి ముందు నిలిచేది సుమారు 36 మిల్లీసెకన్లు. ఆ గడువులో యంత్రం నాలుగు బొమ్మల మేర జరుపుకోగలదు, అంతకు మించి కాదు. అంటే, యంత్రానికి కూడా ఒక చెయ్యి ఉన్నదని జపాను చట్టం ఒప్పుకొని, ఆ చెయ్యి ఎంత దూరం చాపవచ్చునో కొలిచి చెప్పింది. మంచిచెడ్డల మాట ఎలా ఉన్నా, దాపరికం లేదు.

ఇక మన సంగతి. ఈ వివాదంలో మన సికింద్రాబాదుకు చిన్నది కాని స్థానం ఉంది.

1957లో చమర్‌బాగ్‌వాలా వ్యాజ్యంలో, బహుమతి పోటీలను గురించి తీర్పు చెబుతూ, గెలుపు చెప్పుకోదగినంతగా నేర్పు మీద ఆధారపడితే అది జూదం కాదని సుప్రీంకోర్టు సూత్రీకరించింది. ఆ గీటురాయి మీద పేకాటను పెట్టవలసిన రోజు పదేళ్ళకు వచ్చింది. సికింద్రాబాదులోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్బు మీద పోలీసులు దాడి చేశారు. రమ్మీ ఆడుతున్నవారిమీదా, నడిపిస్తున్నవారిమీదా హైదరాబాదు జూద చట్టం కింద కేసు పెట్టారు. ఆ వ్యాజ్యం ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికీ సత్యనారాయణకూ మధ్య సుప్రీంకోర్టు దాకా పోయింది. 1967 నవంబరులో తీర్పు వచ్చింది. మూడుముక్కలాటలాగా రమ్మీ కేవలం అదృష్టం కాదనీ, పడిన ముక్కలను గుర్తుంచుకోవడం, ఏది ఉంచుకోవాలో ఏది పారేయాలో తెలియడం నేర్పేననీ న్యాయస్థానం అన్నది. ముక్కలు ఎవరికి ఏవి పడతాయన్నది అదృష్టమే, కానీ ప్రధానమైనది నేర్పు. దేశమంతటా ఆ తరువాత నడిచిన ప్రతి పేకాట వ్యాజ్యంలోనూ ఈ సికింద్రాబాదు క్లబ్బు తీర్పే ముందు వరుసలో నిలిచింది.

పేకముక్కలకు ఆ సూత్రం చక్కగా సరిపోయింది, ఎందుకంటే కలిపిన ముక్కలకు మనస్సు లేదు. నీ దగ్గర రెండు రాజులున్నాయని పేకదస్తాకు తెలియదు. యంత్రానికి తెలుస్తుంది.

ఆ తేడా 1995లో బయటపడింది. బెంగళూరులో వీడియో ఆటల కేంద్రాలకు అనుమతి పత్రం తప్పనిసరి చేసిన నిబంధనలను సవాలు చేస్తూ శివాని అనే ఆయన కర్ణాటక ప్రభుత్వం మీద వేసిన వ్యాజ్యం సుప్రీంకోర్టుకు వచ్చింది. ఈ ఆటలను నియంత్రించే అధికారం ప్రభుత్వానికి ఉన్నదని తీర్పు. యంత్రంలో మార్పులు చేసి ఆటగాడి గెలుపు అవకాశాన్ని నడిపేవాడు తగ్గించివేయగలడన్న సంగతిని న్యాయస్థానం అందులో లెక్కలోకి తీసుకుంది. న్యూయార్కు సభ్యుడి అనుమానం పంతొమ్మిదేళ్ళకు మన దేశంలో న్యాయభాష తొడుక్కొని వచ్చిందన్నమాట.

ఇప్పుడు స్టాకర్ వంటి యంత్రాల దగ్గరకు తిరిగి వద్దాం. బహుమతులిచ్చే ఈ జాతి యంత్రాలలో, బహుమతి ఎంత సులభంగా, ఎంత కష్టంగా రావాలో నడిపేవాడు అమర్చుకొనే వీలు ఉంటుంది. బొమ్మలను పట్టి లేపే కొక్కెపు యంత్రాలలో ఆ కొక్కెం పట్టు ఎన్ని ఆటలకొకసారి గట్టిగా బిగియాలో కూడా అమర్చవచ్చు. వ్యాపారి వైపు నుంచి చూస్తే ఇది అర్థం కానిది కాదు. నేర్పరి ఒకడు వచ్చి రోజుకు పది బహుమతులు పట్టుకుపోతే దుకాణం మూసుకోవలసిందే. తిరునాళ్ళలో రింగులు విసిరే ఆటవాడు కూడా రింగు దూరీదూరని సబ్బుపెట్టెలనే బల్ల మీద పెడతాడు. అయితే ఆ రింగు కొలత మన కంటికి కనబడుతుంది. చేతిలోకి తీసుకొని చూడవచ్చు. విసిరిన తరువాత గాలిలో దాని చుట్టుకొలత తగ్గదు. మీట యంత్రంలో మాత్రం, నొక్కిన క్షణానికీ వెలుగు ఆగిన క్షణానికీ మధ్య ఏం జరిగిందో చూడగల కన్ను మనిషికి లేదు. సెకనులో వందో వంతు చాలు, సరియైన నొక్కుడు తప్పు నొక్కుడు కావడానికి.

ఇక్కడే నాకు బాధ కలిగేది. పూర్తిగా లాటరీ అయిన ఆటలో ఓడినవాడు తలరాత అని సర్దుకుంటాడు. పూర్తిగా నేర్పు అయిన ఆటలో ఓడినవాడు సాధన చేస్తాడు. నేర్పు వేషం వేసుకున్న లాటరీలో ఓడిన పిల్లవాడు తన చేతిని తప్పుపట్టుకుంటాడు. వెంట్రుకవాసిలో తప్పిందనుకొని మళ్ళీ నాణెం వేస్తాడు. ఆ వెంట్రుకవాసి కూడా అమర్చినదే కావచ్చునని వాడికి తోచదు. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడమంటే ఇదే. నేర్పు పేరు చెప్పి అమరికను అమ్ముతున్నారు. పోయేది పది రూపాయలే కావచ్చు. కానీ సాధన చేస్తే వస్తుందన్న నమ్మకం ఒకటి ఉంటుంది, చదువుకైనా సంగీతానికైనా అదే ఆధారం. దానితో ఆడుకోవడం చిన్న నేరంగా నాకు కనబడదు.

చట్టం ఆ తరువాత మరో దారి పట్టింది. అంతర్జాలంలో డబ్బు పెట్టి ఆడే రమ్మీని తెలంగాణ 2017లోనూ, ఆంధ్రప్రదేశ్ 2020లోనూ తమ జూద చట్టాలను సవరించి నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన అంతర్జాల క్రీడల చట్టమైతే, డబ్బు ఒడ్డి ఆడే ఆటలలో నేర్పుదనీ అదృష్టానిదనీ భేదమే చూడలేదు. సికింద్రాబాదు తీర్పు గీసిన గీతను, అంతర్జాలం మేరకు, శాసనసభే చెరిపివేసిందన్నమాట. ఒక విధంగా ఇది అలసిపోయిన చట్టం. రెండు తలుపుల్లో ఏది సరియైనదో తేల్చుకోలేక రెండింటినీ మూసివేసింది. మూడో తలుపు, అంటే యంత్రం అమరిక, ఇంకా తట్టకుండానే ఉంది.

జపాను పద్ధతిలో ఎంత జారవచ్చునో కొలత కట్టడమో, లేక ఆ అమరికను యంత్రం ముఖాన పెద్ద అక్షరాలతో రాయించడమో కష్టమైన పనులు కావు. తూకపురాళ్ళ మీద ముద్ర వేయించే దేశం మనది. కిలో రాయి కిలో తూగాలని అడిగినవాళ్ళం, నొక్కిన క్షణం నొక్కిన క్షణంగానే నమోదు కావాలని అడగడంలో వింత ఏముంది?

ఏ ఊళ్ళోనైనా, ఏ దేశంలోనైనా ఇటువంటి యంత్రం ముందు నిలిచి చూసిన మిత్రులు దాని ముఖాన ఏమి రాసి ఉన్నదో గుర్తుంటే చెప్పండి. చాలా చోట్ల, మీట పక్కనే, ఇది నేర్పుతో ఆడే ఆట అని రాసి ఉంటుంది. ఎవరి నేర్పో మాత్రం రాయరు.